పటాన్‌చెరు దగ్గుకు పనికిరాని చిట్కాలు

మార్గశిరం వచ్చిందంటే చాలు, రామచంద్రాపురం నుంచి సదాశివపేట దాకా ముంబై రహదారి పొడవునా ఇంటికొకరు దగ్గుతుంటారు. దగ్గేది ఒకరైతే మందు చెప్పేది పదిమంది. పక్కింటి పెద్దమ్మ మిరియాల కషాయం తాగమంటుంది. షిఫ్టులో తోటివాడు బెల్లం ముక్క చేతిలో పెడతాడు. మెడికల్ షాపు అతను మూడు గోలీలు కత్తిరించి ఇస్తాడు. ఫోన్‌లో తిరిగే వీడియో కర్పూరం మూట కట్టమంటుంది. అందరిదీ మంచి మనసే. కానీ ఆ సలహాల్లో కొన్ని పసిపిల్లల ప్రాణం మీదికి తెస్తాయి, కొన్ని పెద్ద జబ్బును నెలల తరబడి దాచిపెడతాయి. అలాంటివాటిని ఏరి ఒక్కొక్కటిగా ఇక్కడ పెడుతున్నాను. ఏది ఎందుకు వద్దో, దాని బదులు ఏం చేయాలో చెబుతాను.

ముందు ఒక మాట. జలుబు చేయించేది వైరస్. ఒక్క రైనోవైరస్‌లోనే 150కి పైగా రకాలున్నాయి. మామూలు సర్ది వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. దాని వెనకాల వచ్చే దగ్గు రెండు మూడు వారాలు సాగొచ్చు. ఆ రోజుల్లో గొంతుకు, ముక్కుకు కాస్త సుఖం ఇవ్వడమే ఇంటి వైద్యం చేయగలిగిన పని. అంతవరకు నేను అడ్డు చెప్పను. అయితే మన ప్రాంతంలో ప్రతి దగ్గూ జలుబు దగ్గు కాదు. కేంద్ర ప్రభుత్వ జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద, గాలి ప్రమాణాలు అందుకోలేని ఊళ్లుగా తెలంగాణ నుంచి గుర్తించినవి నాలుగు: హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి. అందులో సగం మనవే. అందుకే ఇక్కడ దగ్గుకు మందు వెతికేముందు ఆ దగ్గు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

“దుమ్ము పీల్చావా? బెల్లం తిను, కడిగేస్తుంది”

ఫ్యాక్టరీల్లో ఇది తాతల నాటి సలహా. కొన్నిచోట్ల షిఫ్టు దిగేటప్పుడు బెల్లమో, అరటిపండో, పాలో యాజమాన్యమే ఇస్తుంది. షుగర్ లేనివాళ్లు తింటే నష్టమేమీ లేదు. కానీ బెల్లం పోయేది కడుపులోకి, పొడి పోయింది ఊపిరితిత్తుల్లోకి. గొంతు దగ్గర విడిపోయిన ఆ రెండు దారులు లోపల మళ్లీ ఎక్కడా కలవవు. కడుపులో పడిన బెల్లం ఊపిరితిత్తిని కడగలేదు.

బల్క్ డ్రగ్ కంపెనీలో మిల్లింగ్ సెక్షన్ నుంచి బయటికొచ్చే మనిషిని చూడండి. కనురెప్పల మీద, చెవి మడతల్లో, కర్చీఫ్ అంచున తెల్లటి పొడి. కంటికి కనిపించే ఆ పొడిలో ఎక్కువ భాగం ముక్కులోనే ఆగిపోతుంది. కంటికి ఆననంత సన్నటి పొడే ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా పోతుంది. రాళ్ల క్రషర్లలో, ఫౌండ్రీల్లో, ఇసుకతో లోహాన్ని రుద్దే పనుల్లో లేచే సిలికా ధూళి అలా లోపలికి చేరి సిలికోసిస్ తెస్తుంది. ఒకసారి వచ్చాక దాన్ని నయం చేసే మందు లేదు. అది ఉన్నవాళ్లకు క్షయ సోకే ముప్పు కూడా ఎక్కువ.

ముక్కుకు కట్టుకున్న కర్చీఫ్ సన్నటి ధూళిని ఆపదు. ఎన్-95 మాస్కు ధూళిని ఆపుతుంది గానీ సాల్వెంట్ ఆవిరిని, యాసిడ్ వాయువును ఆపదు. వాటికి తగిన కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి, ఆ కార్ట్రిడ్జ్‌ను గడువు ప్రకారం మార్చాలి. బెల్లం ఇచ్చే కంపెనీని అది అడగండి. ధూళి పుట్టిన చోటే దాన్ని లాగేసే యంత్రం బాగుందా అని కూడా అడగండి.

ఇంకో పరీక్ష మీ చేతిలోనే ఉంది. వీక్లీ ఆఫ్ రోజున, పండక్కి ఊరెళ్లినప్పుడు దగ్గు తగ్గి, డ్యూటీ ఎక్కగానే మళ్లీ మొదలవుతుంటే ఆ దగ్గు పని తెచ్చిన దగ్గు కావచ్చు. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు “దగ్గు” అని ఒక్క మాట చెప్పి ఊరుకోవద్దు. ఏ సెక్షన్, ఏ రసాయనం, ఎన్నేళ్లుగా అన్నది చెప్పండి. రసాయనం పేరు నోరు తిరగకపోతే డ్రమ్ము మీది లేబుల్ చూసి కాగితం మీద రాసుకెళ్లండి. ఈఎస్ఐ పథకంలోకి వచ్చే కంపెనీలో నెలజీతం 21,000 రూపాయల లోపున్న కార్మికులకు, కాంట్రాక్టర్ కింద పనిచేసేవారికి సైతం ఈఎస్ఐ వర్తిస్తుంది. రామచంద్రాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. చందా షరతులు పూర్తయినవారికి జబ్బు సెలవు కాలంలో జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. కూలి పోతుందని దగ్గుకుంటూ డ్యూటీకి పోయేవాళ్లకు ఈ సంగతి ముందు తెలియాలి.

“గ్యాస్ ఘాటు తగిలిందా? పాలు తాగి పడుకో”

ఇది బెల్లం సలహాకంటే ప్రమాదం. క్లోరిన్, నైట్రోజన్ ఆక్సైడ్లు వంటి వాయువులు పీల్చినవాళ్లకు ముందు కళ్లు మండి, కాస్త దగ్గు వచ్చి తగ్గినట్టే అనిపించవచ్చు. కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి దమ్ము మొదలవుతుంది. గదికెళ్లి పడుకున్న మనిషి నిద్రలోనే విషమించిపోవచ్చు. వాయువు తగిలిన మనిషిని వెంటనే మంచి గాలిలోకి తేవాలి, రసాయనం పడిన బట్టలు విప్పించాలి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బాగానే ఉన్నానని అతను అన్నా సరే, ఒంటరిగా గదికి పంపొద్దు.

“తెమడ పచ్చగా ఉంది, అజిత్రో మూడు రోజులు వేసుకో”

తెమడ పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో మారడం మామూలు వైరస్ జలుబులోనూ జరుగుతుంది. రోగాన్ని ఎదుర్కొనే తెల్లకణాల వల్ల వచ్చే రంగు అది. అజిత్రో ఒక యాంటీబయోటిక్, యాంటీబయోటిక్ వైరస్‌ను చంపదు. నాలుగో రోజుకు జలుబు ఎలాగూ తగ్గుముఖం పడుతుంది, ఆ పేరు గోలీకి పోతుంది. మరుసటి ఏడు అదే గోలీ మళ్లీ కొంటారు.

ఈ మాట ఎక్కడైనా చెప్పాల్సిందే గానీ పటాన్‌చెరులో గట్టిగా చెప్పాలి. యాంటీబయోటిక్‌లు తయారయ్యేది ఇక్కడే. సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థజలాలు వచ్చే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం దగ్గర, శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయోటిక్ దొరికింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. అలాంటి నీరు చేరే వాగులో బ్యాక్టీరియా ఏళ్లకేళ్లు మందులో నానితే మందుకు లొంగనివే మిగులుతాయి. ఇక్కడి నక్కవాగు మంజీర నదిలో కలుస్తుంది. ఈ కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాణి కిషన్‌రావు పల్లెల పక్షాన దశాబ్దాల పాటు పోరాడారు.

వాగులో జరిగిందే మన ఒంట్లోనూ జరుగుతుంది. అవసరం లేని ప్రతి కోర్సూ మందుకు లొంగని క్రిములను పెంచుతుంది. రేపు నిజంగా న్యుమోనియా వచ్చినప్పుడు పనిచేయాల్సిన మందును ఈరోజు జలుబుకు ఖర్చు చేయొద్దు. డాక్టర్ చూసి రాస్తేనే యాంటీబయోటిక్ వాడండి, రాస్తే చెప్పినన్ని రోజులూ వాడండి. ఆర్ఎంపీ దగ్గర “తొందరగా తగ్గే సూది” అడగొద్దు. అందులో ఏముందో మీకు తెలియదు, చాలాసార్లు అది స్టెరాయిడ్.

“చంటిదానికి కర్పూరం మూట కట్టు, తేనె నాకించు”

కర్పూరం, వాము కలిపి గుడ్డలో మూటకట్టి ఊయలకు వేలాడదీయమనే వీడియో ప్రతి చలికాలం తిరుగుతుంది. పాకే పిల్లల చేతికి అందిన ప్రతిదీ నోట్లోకే పోతుంది. మింగిన కర్పూరం పిల్లలకు విషం, నిమిషాల్లోనే ఫిట్స్ తెప్పించగలదు. కర్పూరం ఉన్న విక్స్ వంటి లేపనాలను రెండేళ్లలోపు పిల్లలకు వాడకూడదు. ఏ వయసువారైనా ముక్కు రంధ్రాల్లో రాసుకోకూడదు. ముక్కులో నూనె చుక్కలు వేయడమూ తప్పే. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా తెస్తుంది.

తేనె సంగతి వేరు. ఏడాది నిండని బిడ్డకు చుక్క కూడా వద్దు. తేనెలో ఉండగలిగే బొట్యులిజం క్రిమి బీజాలు ఆ పసిపేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి, కండరాలు చచ్చుబడతాయి. ఏడాది దాటిన పిల్లలకు మాత్రం రాత్రి పడుకునేముందు అరచెంచా తేనె దగ్గుకు మంచి ఉపశమనం. పరీక్షల్లోనూ అదే తేలింది.

చంటిబిడ్డకు ముక్కు బిగిస్తే మందుల షాపులో దొరికే ఉప్పునీటి చుక్కలు వేసి, మెత్తటి గుడ్డతో తుడిచి, తల్లిపాలు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టించండి. ఆ వయసుకు అదే మందు.

“పెద్దోడికి పనిచేసిన సిరప్ ఉంది కదా, చిన్నోడికీ పోయి”

2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గు సిరప్ తాగిన చిన్నపిల్లలు 20 మందికి పైగా కిడ్నీలు పాడై చనిపోయారు. తమిళనాడులో తయారైన ఆ కోల్డ్రిఫ్ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే పారిశ్రామిక రసాయనం 48 శాతానికి పైగా ఉన్నట్టు తేలింది. తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు కూడా ఆ బ్యాచ్ వాడొద్దని హెచ్చరిక జారీ చేశారు. ఇది మొదటిసారి కాదు. 2022లో గాంబియాలో ఇలాంటి సిరప్‌లతో దాదాపు 70 మంది పిల్లలు పోయారు. 1937లో అమెరికాలో ఇదే రసాయనం కలిసిన మందు 100 మందికి పైగా ప్రాణాలు తీసింది.

కల్తీ లేని సిరప్ అయినా చిన్నపిల్లలకు మేలు చేసేది చాలా తక్కువ. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వకూడదని, అయిదేళ్లలోపు వాళ్లకు సాధారణంగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో రాష్ట్రాలకు చెప్పింది. ఇంట్లో సగం వాడిన సీసా ఉంటే పారేయండి. ఏదైనా సిరప్ తాగాక బిడ్డకు మూత్రం తగ్గినా, వాంతులు మొదలైనా ఆ సీసా చేతిలో పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి.

“డొక్కలు ఎగరేస్తున్నాడా? వాము కాపడం పెట్టు, వాత వేయించు”

డొక్కలు ఎగరేయడం న్యుమోనియా గుర్తు. కాపడంతో గడిపే ఒక్క రాత్రి కూడా ఆ బిడ్డకు నష్టమే. వాత పెడితే ఉన్న జబ్బుకు కాలిన పుండు తోడవుతుంది.

ప్రతి తల్లీ నేర్చుకోవాల్సింది ఊపిరి లెక్కపెట్టడం. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా నిమ్మళంగా ఉన్నప్పుడు చొక్కా పైకి లేపండి. ఫోన్‌లో గడియారం పెట్టుకుని పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తుందో నిండు నిమిషం లెక్కపెట్టండి. సగం నిమిషం లెక్కించి రెట్టింపు చేయొద్దు, పసిపిల్లల ఊపిరి ఒక తీరుగా ఉండదు. రెండు నెలలలోపు బిడ్డకు 60, ఏడాదిలోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల దాకా 40. అంతకు చేరినా, దాటినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఊపిరి తీసుకున్నప్పుడు పక్కటెముకల కింద గుంట పడినా, పాలు తాగలేకపోయినా, పెదాలు నీలంగా మారినా లెక్కతో పని లేదు, అప్పుడే బయల్దేరాలి.

“కిటికీలు మూసి కుంపటి పెట్టుకో, చలి పోతుంది”

మన సంగారెడ్డి జిల్లాలో కోహీర్ లాంటి మండలాల్లో కొన్ని రాత్రులు పది డిగ్రీల లోపుకు పడిపోతాయి. ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం చుట్టూ బీహార్, ఒడిశా నుంచి వచ్చిన కార్మికులు ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉంటారు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగత, ఆ తర్వాత లేవలేని నిద్ర. కుంపటి గదిలో పెట్టుకుని పడుకోవద్దు, ఆ మాటకు మినహాయింపు లేదు. మూసిన గదిలో దోమల చుట్ట పొగ కూడా దగ్గును పెంచుతుంది. దోమతెర కట్టండి.

కిటికీ పూర్తిగా మూస్తే ఒకరి జలుబు నలుగురికీ అంటుకుంటుంది. పూర్తిగా తెరిస్తే రాత్రిపూట కంపెనీల ఘాటు వాసన లోపలికి వస్తుందని కాజీపల్లి, గడ్డపోతారం వైపు వాళ్లు అంటారు. నిజమే. చలికాలం రాత్రుళ్లు నేల దగ్గరి గాలి చల్లబడి కిందే నిలిచిపోతుంది, పైన వెచ్చటి గాలి పొర మూతలా కూర్చుంటుంది. పొగ, వాయువులు పైకి పోలేక ఇళ్ల ఎత్తులోనే తిరుగుతాయి. అందుకని ఎండ వచ్చాక కిటికీలు బార్లా తెరవండి, రాత్రి ఘాటు ఉన్న వైపు మూసి రెండో వైపు కొంచెం తెరిచి ఉంచండి. తెల్లవారుజామున నడక ఆరోగ్యమన్న సలహా కూడా మన దగ్గర చలికాలానికి పనికిరాదు. దమ్ము, గుండెజబ్బు ఉన్నవాళ్లు పొద్దెక్కాక నడవాలి. ఇక్రిశాట్, పాశమైలారం, బొల్లారంలో గాలి నాణ్యత కొలిచే కేంద్రాలున్నాయి, వాటి అంకెలు ఫోన్‌లో చూసుకోవచ్చు. ఘాటు వాసన వచ్చిన రాత్రి సమయం రాసిపెట్టి కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేయండి. ఊపిరి కాపాడుకునే చిట్కాల్లో అదీ ఒకటి.

“ఆవిరి ఎంత వేడిగా పడితే అంత గుణం”

ఆవిరి ముక్కుకు కాసేపు హాయినిస్తుంది, జలుబు రోజులను తగ్గించదు. మరిగే గిన్నె ఒళ్లో ఒలికి పిల్లలు కాలిపోవడం మాత్రం నిజం. చిన్నపిల్లలకు ఆవిరి పట్టొద్దు. పెద్దవాళ్లు పడితే గిన్నెను కదలని బల్ల మీద పెట్టి, మంట ఆపి, మొహం దూరంగా ఉంచి పట్టండి.

“చెట్టు మందే కదా, ఎంత తాగినా ఏం కాదు”

చెట్టులో మందు ఉంది కాబట్టే కొలత కావాలి. అడ్డసరం ఆకులోని వాసిసిన్ ఆధారంగానే బ్రోమ్‌హెక్సిన్ అనే దగ్గు మందు తయారైంది. ఆ వాసిసిన్‌కు గర్భసంచిని ముడుచుకునేలా చేసే గుణం ఉంది, కాబట్టి గర్భిణులు అడ్డసరం తాగకూడదు. అతిమధురం రోజుల తరబడి తాగితే బీపీ పెరుగుతుంది, రక్తంలో పొటాషియం తగ్గుతుంది. పేరు, తయారీ వివరం లేని డబ్బాలో “దమ్ము పొడి” కొనొద్దు. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపిన ఉదంతాలు చాలా ఉన్నాయి. ఏటా జూన్‌లో హైదరాబాద్‌లో ఆస్తమాకని బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదానికి నమ్మకంతో వెళ్లేవాళ్లు వెళ్లండి, డాక్టర్ ఇచ్చిన ఇన్‌హేలర్ మాత్రం ఆపొద్దు. ఆస్తమా మనిషికి ప్రాణం నిలిపేది అదే.

“చలికాలం దగ్గు నెలరోజులు ఉంటుందిలే”

ఈ జాబితాలో నన్ను అన్నిటికంటే భయపెట్టే సలహా ఇదే. జలుబు దగ్గే అనిపించినా సరే, రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయించాలి. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, తెమడలో రక్తం ఉంటే రెండు వారాలు కూడా ఆగొద్దు. అది క్షయ కావచ్చు. డే షిఫ్టు మనిషి లేచిన పరుపు మీదే నైట్ షిఫ్టు మనిషి పడుకునే గదుల్లో ఒకరి ఆలస్యం అందరికీ చుట్టుకుంటుంది.

పటాన్‌చెరు ఏరియా ఆసుపత్రిలో, సంగారెడ్డి ప్రభుత్వ ఆసుపత్రిలో, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో పరీక్ష ఉచితం. మామూలు క్షయకు ఆరు నెలల మందులు, అవీ ఉచితం. చికిత్స కాలంలో తిండి కోసం నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేశారు. ఆ డబ్బు బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. సొంతూరు వెళ్లిపోవాల్సి వస్తే ఆసుపత్రిలో చెప్పండి, క్షయ రోగుల వివరాలుండే నిక్షయ్ నమోదుతో అక్కడ మందులు కొనసాగిస్తారు. మధ్యలో ఆపితే మాత్రం మందుకు లొంగని క్షయగా మారొచ్చు.

ఉంచుకోవాల్సినవి

మిరియాల చారు, అల్లం తులసి టీ, పసుపు పాలు, గోరువెచ్చటి ఉప్పునీళ్లతో పుక్కిలింత, కావలసినన్ని నీళ్లు, రెండు రోజుల విశ్రాంతి, తల మీదిదాకా దుప్పటి. ఇవి మన ఇళ్లల్లో తరతరాలుగా ఉన్నాయి, ఉండాలి కూడా. దగ్గేవాళ్లు మోచేతి మడత అడ్డం పెట్టుకుంటే, చేతులు సబ్బుతో కడుక్కుంటే మిగతావాళ్లకు జలుబు అంటుకోవడం తగ్గుతుంది. ఉపవాసాలు పెట్టొద్దు, పెరుగు మానాల్సిన పనీ లేదు.

సలహా ఇచ్చే పెద్దమ్మలకు, అన్నలకు, అక్కలకు నా మనవి ఒకటి. ఎవరైనా దగ్గుతూ కనిపిస్తే చిట్కా చెప్పేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఎన్ని రోజులైంది? డ్యూటీ లేని రోజు తగ్గుతోందా? దమ్ము, జ్వరం, రక్తం, బరువు తగ్గడం ఏమైనా ఉన్నాయా? ఆ జవాబుల్లో అనుమానం ఉంటే మనిషిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లండి. లేదంటే అప్పుడు నిశ్చింతగా మిరియాలు దంచండి.